తిథి తప్పిన సముద్రం

మొన్న మధ్యాహ్నం సూరత్‌లో మా చెల్లెలి ఇంట్లో అందరం భోజనాలకు కూర్చుని ఉండగా, ఉన్నట్టుండి ఇంట్లోని ఫోన్లన్నీ ఒక్కసారిగా కీచుమన్నాయి. పక్క వాటాలోంచీ, కింది అంతస్తులోంచీ కూడా అదే మోత. నేను ఎంగిలి చేత్తోనే లేచి, గుమ్మం దాకా వెళ్ళి చెప్పుల్లో కాళ్ళు పెట్టేశాను. తిరిగి చూస్తే ఒక్కరూ కుర్చీల్లోంచి కదల్లేదు. చెల్లెలి కోడలు ఒక చేత్తో గరిటె పట్టుకునే రెండో చేత్తో ఫోను నోరు నొక్కేసి, "ట్రయల్ హై పెద్దత్తయ్యా, సర్కారు వాళ్ళు టెస్టింగ్ చేస్తున్నారు. కూర్చోండి, చారు చల్లారిపోతుంది" అంది. చెల్లెలు నా చెప్పుల వైపు చూసి పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వి, చెప్పులు విడిచి మళ్ళీ వచ్చి కూర్చున్నాననుకోండి. ఉద్యోగమంతా పోటుపాట్ల మీదా సునామీల మీదా చేసి, అందులో చివరి భాగం జపాన్ తీరంలో గడిపి వచ్చినదాన్ని. అలాంటి మోత వింటే నా కాళ్ళు నన్ను అడక్కుండానే లేస్తాయి.

సముద్రంతో నా పరిచయం మాత్రం ఈ ఊళ్ళోనే మొదలైంది. మా నాన్న రైల్వేలో గూడ్సు గుమాస్తా, వరంగల్ వైపు నుంచి బదిలీ మీద వచ్చి ఉధ్నా క్వార్టర్లలో కాపురం పెట్టినవాడు. మొట్టమొదటి ఆదివారం మాకు ఇస్త్రీ బట్టలు తొడిగి, పులిహోర కట్టించి, సముద్రం చూపిస్తానని డుమస్ ఒడ్డుకు తీసుకెళ్ళాడు. వెళ్ళి చూస్తే సముద్రం లేదు. కనుచూపు మేర బురద, దాని మీద పీతలు. నా వయసు వాళ్ళు ఎవరైనా విశాఖలోనో బందరులోనో పెరిగి ఉంటే ఇది నమ్మలేరు, మన వైపు సముద్రం మనం ఎప్పుడు వెళ్ళినా ఉన్నచోటే ఉంటుంది కదా. ఇక్కడిది రోజుకు రెండుసార్లు ఇల్లు ఖాళీ చేసినట్టు వెళ్ళిపోయి, రెండుసార్లు తిరిగి వస్తుంది. చెల్లెలు ఏడుపు లంకించుకుంటే నాన్న, "సముద్రం గిప్పుడు డ్యూటీల లేదు బిడ్డా, జర ఆగుదాం, వస్తది" అన్నాడు. ఆగాం. వచ్చింది కూడా, కానీ అప్పటికి పులిహోర అయిపోయింది.

తర్వాత అక్కడి జాలరివాళ్ళతో మాట్లాడి నాన్న కిటుకు తెలుసుకున్నాడు. పోటూ పాటూ, అంటే నీళ్ళు రావడం పోవడం, తిథిని బట్టి నడుస్తాయి, తిథి మారినప్పుడల్లా వేళ రెండు ఘడియలు ఆలస్యమవుతుంది. అప్పట్నుంచి మా ఇంట్లో పంచాంగం అమ్మ ఏకాదశులకు ఎంత పనికొచ్చేదో నాన్న డుమస్ ప్రయాణాలకూ అంతే పనికొచ్చేది. ఇవాళ తదియ, ఫలానా వేళకు నీళ్ళొస్తాయి అని లెక్కగట్టి మరీ తీసుకెళ్ళేవాడు, ఎన్నడూ తప్పలేదు. నేను సముద్ర శాస్త్రం చదువుతానని పట్టుబట్టడానికి ఆ లెక్కే కారణం. చుట్టాలు మాత్రం ఆడపిల్లకు ఈ ఉప్పునీళ్ళ చదువేమిటని మూతులు తిప్పారు.

చదువై, పెళ్ళై, మా ఆయన బ్యాంకు ఉద్యోగమూ సూరత్‌లోనే కావడంతో, పోటుపాట్లు కొలిచే ఒక చిన్న ప్రభుత్వ కార్యాలయంలో చేరాను. తాపీ నది సముద్రంలో కలిసే చోట నీటిమట్టం కొలిచే యంత్రాన్ని చూసుకోవడం నా పని. తూర్పు తీరాన్ని ఆ పెద్ద సునామీ అల ముంచెత్తాక మా బతుకులు మారిపోయాయి. అంతవరకూ మా ఆఫీసు ఎక్కడుందో కూడా తెలియనివాళ్ళు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. తీరప్రాంతాల్లో అంటించమని పైనుంచి రంగురంగుల పోస్టర్లు కట్టలు కట్టలుగా దిగాయి. అందులో మొదటి బొమ్మ, సముద్రం వెనక్కి పోయిన ఒడ్డు. దాని కింద, సముద్రం వెనక్కి వెళ్తే వెంటనే ఎత్తైన చోటికి పరుగెత్తండి అని గుజరాతీలో అచ్చు.

అది చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మరో తీరంలో అది ప్రాణం నిలిపే మాటే. రోజుకు రెండుసార్లు సముద్రం వెనక్కి పోయే చోట, పోయాకే బురదలోకి దిగి చేపలు ఏరుకుని బతికే ఆడవాళ్ళకు ఆ మాట చెబితే ఏమవుతుంది? మా పై అధికారి మన తెలుగాయనే, మంచివాడే, కానీ కాగితం మీద లేని సముద్రాన్ని ఎన్నడూ నమ్మలేదు. దేశమంతటికీ ఒకటే పోస్టరు, మనకు వేరే సముద్రం ఉందా అన్నారు. ఉందండీ అన్నాను. ఆయనకు అది పొగరుగా వినిపించింది.

హజీరా దారిలోని ఒక పల్లెకు నేనే వెళ్ళి పోస్టర్లు అంటించాను. ఊరు ఊరంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది ఒక పెద్దావిడ, ఊళ్ళో ఆడవాళ్ళందరికీ బురదలో దారి చూపేది ఆవిడే, అందరూ మాసీ, అంటే పిన్నీ, అనేవారు. అలా పరుగెడితే మా ఇంట్లో పొయ్యి ఎప్పుడు వెలగాలి బెన్ అని, మనం అక్కా అన్నట్టు, అడిగింది. ఆ తర్వాత సైరన్ మోగించి ఉత్తుత్తి హెచ్చరికలతో సాధన చేయించాం. మొదటిసారి తమాషా చూడ్డానికి వచ్చారు, ఆ పైన తలెత్తడం కూడా మానేశారు.

అలా ఉండగా ఒకరోజు పొద్దున్నే పడమటి సముద్రం అడుగున భూమి కదిలిందనీ, మధ్యాహ్నానికి మా తీరం దాకా అల రావచ్చనీ వార్త వచ్చింది. ఎంత అల అన్నది ఎవరికీ తెలియదు. జీపు వేసుకుని ఆ పల్లెకు పరుగెత్తేసరికి ఆడవాళ్ళంతా బురదలో ఎక్కడో దూరాన చుక్కల్లా కనిపిస్తున్నారు. సైరన్ మోగించాం. ఒకరిద్దరు నడుం ఎత్తి చూసి మళ్ళీ వంగారు. ఇక లాభం లేదని చీర దోపుకుని బురదలోకి దిగాను. మోకాళ్ళ దాకా కూరుకుపోతూ, పడుతూ లేస్తూ, గొంతు చించుకుని అరుస్తూ వెళ్ళాను. భయంతో నా నోట ఒక్క శాస్త్రం మాట రాలేదు, వచ్చింది మా నాన్న మాటే. ఇవాళ తిథి ప్రకారం నీళ్ళు ఎప్పుడు రావాలి మాసీ అని అడిగాను. పొద్దు వాలాక అంది ఆవిడ, చేతిలో పని ఆపకుండానే. ఇవాళ తిథి తప్పి ముందే వస్తాయి అన్నాను.

అంతే, మాసీ నిటారుగా నిలబడింది. ఆవిడ ముఖంలో రంగు పోవడం నేను కళ్ళారా చూశాను. చేపల తట్ట అక్కడే పడేసి ఒక్క కేక పెట్టిందో లేదో, ఆ బురద మీద చుక్కలన్నీ ఒడ్డుకు కదిలాయి. నన్ను చెరో రెక్కా పట్టుకుని లాక్కొచ్చింది కూడా వాళ్ళే. మధ్యాహ్నం అల వచ్చింది, మా యంత్రం గీసిన గీతలో చిన్న వణుకులా వచ్చి పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సాయంత్రం మాసీ ఇంట్లో బురద కాళ్ళు కడుక్కుని టీ తాగాను. ఆ నాలుగు ముక్కలు నోట రాకపోయి ఉంటే, అల నిజంగా పెద్దదై ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మర్నాడే కొత్త పోస్టరు రాశాను. భూమి అదిరినా, తిథి చెప్పిన వేళ కాని వేళ సముద్రం వెళ్ళినా వచ్చినా పరుగెత్తండి, సైరన్ మోగితే తిథి చూడకండి, అంతే సంగతి. అధికారిగారు చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఏమ్మా, సర్కారు శాస్త్రవేత్తలు పంచాంగం చూసి సునామీ చెబుతున్నారని రేపు పేపర్లో వేస్తారు. నా రిటైర్మెంటు దగ్గర పడింది, నన్ను బతకనివ్వు తల్లీ" అన్నారు. తిథి అంటే చంద్రుడే కదండీ, పోటు లాగేదీ ఆ చంద్రుడే కదండీ అని వాదించాను. ఆయన పై వాళ్ళ దాకా వెళ్ళాను. అక్కడా మూఢనమ్మకమనే మాటే వినిపించింది. నెల తిరక్కుండా నన్ను తీరం పని నుంచి తప్పించి ఫైళ్ళ దగ్గర కూర్చోబెట్టారు. పల్లెకు మళ్ళీ పాత పోస్టర్లే వెళ్ళాయి. నాకు అప్పుడు వచ్చిన కోపం ఇప్పుడు రాస్తుంటే కూడా చల్లారలేదు.

ఆ అనుభవం మీద నేను రాసిన వ్యాసం చదివి, జపాన్‌లో సునామీ హెచ్చరికల పని చూసేవాళ్ళు తమ దగ్గర ఉద్యోగానికి పిలిచారు. వెళ్ళనా వద్దా అని నేను తేల్చుకోలేకపోతుంటే, ఏదైనా తూచి మాట్లాడే మా ఆయన, "ఇక్కడ చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నావు. అక్కడ చెవులున్నాయి, పద" అన్నారు. బ్యాంకు ఉద్యోగం ముందుగానే వదులుకుని నాతో వచ్చారు, ఆ చలికీ ఆ చప్పిడి తిండికీ ఎన్నడూ అలవాటు పడలేకపోయినా నన్ను ఒక్క మాట అనలేదు. అక్కడ ప్రతి పల్లెకూ దాని హెచ్చరిక దానిదే. ఊళ్ళో ముసలివాళ్ళను కూర్చోబెట్టి, మీ నీళ్ళు ఎటు నుంచి వస్తాయి, మీరు దేన్ని నమ్ముతారు అని అడిగాకే బోర్డు రాస్తారు. నా మాటకు విలువ దొరికింది, పేరూ వచ్చింది. ఒకసారి నిజమైన హెచ్చరికే వస్తే పక్కింటావిడ మా తలుపు కొట్టింది, వీధి వీధంతా చడీచప్పుడు లేకుండా గుట్ట ఎక్కేశాం. క్షేమంగా నిలబడ్డ ఆ గుట్ట మీద నాకు దుఃఖం ఆగలేదు. భయపడ్డాననుకుని ఆవిడ నా వీపు నిమిరింది. నేను ఏడ్చింది హజీరా బురదలో వంగి ఉన్నవాళ్ళను తలుచుకుని.

నిన్న పొద్దున ఉండబట్టలేక ఆటో మాట్లాడుకుని ఆ పల్లెకు వెళ్ళాను. మాసీ పోయి చాలాకాలమైందట. ఆవిడ మనవరాలు దగ్గర్లో ఏదో కంపెనీ క్యాంటీన్లో పనిచేస్తోంది, నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఇప్పుడు బురదలోకి ఎవరూ వెళ్ళరట, దారి లేదు, ఊరి చివర నుంచే కంపెనీ ప్రహరీ గోడ మొదలవుతుంది. ఇవాళ తిథి ఏమిటని అడిగితే ఆ పిల్ల సిగ్గుపడి నవ్వింది. మరి సముద్రం వస్తే ఎలా తల్లీ అన్నాను. "దరియో తో హవే కంపనీనీ అందర్ ఛే, బెన్" అంది, సముద్రం ఇప్పుడు కంపెనీ లోపల ఉందట, ఇక తమకేం భయమని.

నా చిన్నప్పుడు హెచ్చరికలు లేవు కానీ ఒడ్డున ఉన్న ప్రతివాళ్ళకూ సముద్రం రాకపోకలు ఇంటి మనిషి రాకపోకల్లాగే తెలుసు. ఇప్పుడు హెచ్చరిక క్షణాల్లో ప్రతి చేతిలోకీ వస్తోంది, వచ్చేది ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ పిల్ల డ్యూటీ వేళైందని వెళ్ళిపోయాక గోడ పక్కన చాలాసేపు నిలబడ్డాను. చెవి ఒగ్గి విన్నాను, లారీల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఇన్నేళ్ళు సముద్రాన్నే చదివినదాన్ని, అప్పుడు నీళ్ళు గోడ దాకా వచ్చి ఉన్నాయో, వెనక్కి పోయి ఉన్నాయో చెప్పలేకపోయాను.