గరిటెమ్మ ఇంగ్లీషులో తిట్టిన రోజులు

గరిటెమ్మకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. ఫ్యాన్లు తయారుచేసే ఆ కార్ఖానాలో మాత్రం, క్యాంటీన్ తెరిచిన నాటి నుంచి, ఆమె చేతిలో గరిటను, నోట్లో తిట్టును తప్ప ఎవరూ మరొకటి ఎరగరు. అన్నం వడ్డిస్తూ తిట్టేది, కూర వడ్డిస్తూ తిట్టేది. తిట్టకుండా వడ్డించిందంటే, ఆ మనిషికి ఒంట్లో బాగాలేదని కనిపెట్టిందన్నమాట. "కోడి కెలికినట్టు కెలుకుతావేంట్రా, తినడానికొచ్చావా, పళ్ళెంతో ఆడుకోడానికొచ్చావా?" అంటే అవతలివాడు నవ్వుతూ మరో ముద్ద ఎక్కువే తినేవాడు. తిట్టు కూరలో ఉప్పులాంటిదని, తగుపాళ్ళలో పడితేనే ముద్ద దిగుతుందని ఆమె నమ్మకం. నమ్మకమేమిటి, కళ్ళారా చూసిన సంగతే.

కొత్త సూపర్‌వైజర్ వచ్చి ఆ సుఖం కాస్తా చెడగొట్టాడు. మెడకు టై బిగించుకుని, నూనె ఎంత పొయ్యాలో, మంట ఎంత పెట్టాలో పొయ్యి దగ్గరకొచ్చి మరీ చెప్పే రకం. పాపం, ఆ పొయ్యి వెలిగించడం మాత్రం రాదు.

"నీ టై కూరలో పడితే కొత్త రుచి వస్తుందేమో గానీ, కాస్త అవతలికి నడు బాబూ!" అంది గరిటెమ్మ, అందరూ వింటుండగా.

సాయంత్రానికల్లా ఆ మాట యజమాని చెవిన పడింది. యజమాని చెడ్డవాడు కాదు. చెప్పుడు మాటలకు కాస్త చెవి ఒగ్గుతాడు, అంతే.

"నీ వంటకి వంక పెట్టను గరిటెమ్మా. కానీ ఇంకొక్క తిట్టు నా చెవిన పడిందా, గరిట అక్కడ పెట్టేసి ఇంటికెళ్ళిపోవాల్సిందే" అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పులు మూలకు విసిరింది. బళ్ళో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరై, ఆ ఇంటి కిటికీ పక్క కుర్చీలో స్థిరపడిన ఆడపడుచు కళ్ళజోడు పైనుంచి చూసింది.

"ఏమే మరదలా, మొహం మాడ్చుకొచ్చావు?"

"నోరు కట్టేశారు వదినా! నోరు మూసుకుని వడ్డించడం నా వల్ల కాదు. మానేసి ఇంట్లో కూర్చుంటా."

"మరి ఆ తిట్లన్నీ ఎవరి మీద పడతాయే?"

"మీ తమ్ముడు లారీ ఎక్కితే మళ్ళీ ఎప్పుడు దిగుతాడో తెలీదు. ఇంట్లో ఉండేది నువ్వేగా!"

వదిన గబుక్కున కుర్చీ ముందుకు జరుపుకుంది. "అర్థమైతేనేగా అది తిట్టు! నా దగ్గర కొన్ని మాటలున్నాయి. ఇంగ్లీషువాళ్ళే వాటిని అటక మీద పడేసి మర్చిపోయారు. పట్టుకుపో."

మర్నాడు పొద్దున్నే ఇంట్లో కూరగాయలు తరుగుతుండగా పాఠం మొదలైంది. ఊళ్ళో కబుర్లన్నీ ఏరుకు తిరిగేవాడు క్విడ్‌నంక్. పొద్దెక్కినా మంచం దిగనివాడు స్లగబెడ్. తనకు తెలియని పనిలో సలహాలిచ్చేవాడు అల్ట్రాక్రెపిడేరియన్.

"ఆ ఆఖరిది మా టై బాబుకి కొలత తీసి కుట్టినట్టుంది. ఏదీ, మళ్ళీ చెప్పు!"

"అర్థం తెలిస్తే చాలదే, వాడే చోటు తెలియాలి. ఆలస్యంగా వచ్చిన ప్రతివాణ్ణీ స్లగబెడ్ అనకు. నిద్రపోయి ఆలస్యమైనవాణ్ణే అను. బస్సు దొరకనివాడి మీద వాడితే మాట పాడైపోతుంది."

"పాడవడానికి అదేమన్నా పాలగిన్నెనా? సరేలే, ఇంకోటి చెప్పు."

"ఎదుటివాళ్ళు తింటుంటే, తనకూ ఓ ముద్ద పెట్టకపోతారా అని మాట్లాడకుండా గుటకలు మింగుతూ చూడటం. దాన్ని గ్రోక్ అంటారు."

"మన పిల్లి చేసే పనికి కూడా ఇంగ్లీషులో పేరుందీ!"

మధ్యాహ్నం సూపర్‌వైజర్ అలవాటుగా మూత తీసి కూర వాసన చూడబోయాడు. "దయచేయండి అల్ట్రాక్రెపిడేరియన్ గారూ" అంది గరిటెమ్మ. అదేదో బిరుదనుకుని ఆయన టై సర్దుకున్నాడు. బల్లల దగ్గరివాళ్ళు ఆ మాటకు అర్థం వెతకడానికి ఫోన్లు తీశారు. కాసేపటికి ఈ మూల ఒక నవ్వు, ఆ మూల ఒక నవ్వు.

అక్కణ్ణించి అందరికీ అదే పిచ్చి పట్టింది. "అమ్మా, ఇవాళ నాకేం లేదా?" అని అడిగి మరీ అనిపించుకునేవాళ్ళు. గరిటెమ్మకు మాత్రం ఆ తిట్లు చప్పగానే ఉన్నాయి. మాట తన నోట్లోంచి వెళ్ళి, ఎదుటివాడి ఫోన్లో దూరి, అక్కణ్ణించి బుర్రకెక్కి నవ్వై బయటికొచ్చేసరికి కూర చల్లారిపోతోంది.

ఒకరోజు యజమాని స్వయంగా వచ్చాడు. గుమ్మం బయట దాకా మనుషుల వరస. లోపల ఖాళీ పళ్ళేల ముందు తలలు వంచుకుని ఫోన్లు చూస్తున్న జనం. అది చూసి కోప్పడాల్సిన మనిషి, ఎందుకో పక్కబల్ల దగ్గర ఇంకా తింటున్నవాడి పళ్ళెం వంక చూస్తూ నిలబడిపోయాడు. డాక్టరు ఆయనకు నూనె మాన్పించి చాలాకాలమైంది. గుటక మింగినప్పుడల్లా గొంతు పైకీ కిందకీ ఆడుతోంది.

"అయ్యో, గ్రోక్!" అనేసింది గరిటెమ్మ. నోరు జారింది.

ఫోన్ల మీద వేళ్ళు కదిలాయి. ఎవడో కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చాడు.

"నన్నేనా? ఏమిటి దానర్థం?" అన్నాడు యజమాని.

గరిటెమ్మ ఒక్కసారి గరిట వంక చూసుకుంది. వాయించే నోరే గానీ బొంకే నోరు కాదు. అర్థం ఉన్నదున్నట్టు చెప్పేసి, గరిట గిన్నె మీద అడ్డంగా పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుంది. పోతే పోయిందనే అనుకుంది గానీ, చేతులు మాత్రం తుడిచిందే తుడుస్తున్నాయి.

యజమాని మొహం ఎర్రబడింది. అంతలోనే పొట్ట కదిలేలా నవ్వాడు. "మా ఆవిడకి ఈ మాట తెలీదు గనక బతికిపోయాను! ఇంతకీ వీళ్ళందరూ తినేసి లేవరేం?"

"అర్థాలు వెతుక్కుంటున్నారండీ" అన్నాడు సూపర్‌వైజర్, తల వంచుకుని. తన బిరుదు అర్థం ఆయనకూ ఈమధ్యే తెలిసింది.

"గరిటెమ్మా, ఇవాళ్టి నుంచి తెలుగులోనే తిట్టు. తిట్టు పడగానే లేచి పనిలోకి పోవాలి వీళ్ళు. మిషన్లు ఆగిపోతున్నాయి!"

గరిట మళ్ళీ చేతికొచ్చింది. "విన్నారుగా! పళ్ళేలకి అతుక్కుపోయారేంట్రా, జిగురు పెట్టి అంటించారా? లేవండి!" అనేసరికి బల్లలు ఖాళీ అయ్యాయి. సూపర్‌వైజర్‌ను కూడా కనికరించింది. "నువ్వు కూర్చో బాబూ. ఆ టై కాస్త వదులు చేసుకుంటే అన్నం గొంతు దాటుతుంది." యజమానికి అరగరిట కూర వడ్డించి, "మీ ఆవిడ అడిగితే నా పేరు చెప్పకండి" అంది.

సాయంత్రం సంగతంతా వినగానే వదిన కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఏకంగా యజమానినే అన్నావా! కొంప మునిగేదే!"

"మునగలేదుగా."

వదిన కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇంతకీ ఆయన నోరెత్తి అడిగాడా, ఊరికే చూశాడా?"

"ఊరికే చూశాడు."

"గుటకలు మింగాడా?"

"మింగాడు."

"అయితే సరిగ్గానే వాడావు" అంది వదిన, మళ్ళీ కూర్చుంటూ.