బాలచంద్ర సారు కనిపెట్టిన ప్రోటీను

మా వీధి చివర ఉండే బాలచంద్ర సారు ఒక పరిశోధనశాలకు అధిపతి. పుస్తకం తెరిచి చాలాకాలమైంది, రిబ్బను కత్తిరించడం మాత్రం మానలేదు. మాస్ స్పెక్ట్రోమీటర్ మంజూరైతే తలనీలాలిస్తానని మొక్కుకున్నాడు. ప్రోటీన్లను ముక్కలు చేసి పెడితే, ఆ ముక్కల్ని తూచి ఏది ఏదో చెప్పే యంత్రమది. వచ్చింది.

ఆయన దగ్గర పరిశోధన చేసే లోహితది సత్యవేడు పక్క పల్లె. తెగిన డీఎన్ఏను అతికే ఒక ప్రోటీను మీద ఆమె పని. అది ఏయే ప్రోటీన్లను పట్టుకుని తిరుగుతుందో తెలిస్తే, ఇంకా ఏమేం చేస్తుందో తెలుస్తుంది. నెలల తరబడి కణాలు పెంచి, దాన్ని తోడువాళ్లతో సహా బయటికి లాగి చిన్న గొట్టంలో పెట్టింది. డాక్టరేటంతా దాని మీదే.

సారు కొండ దిగి నేరుగా వచ్చినాడు. గుండు మీద గంధం ఎండి పెచ్చులు లేస్తోంది. మొదటి గొట్టం తన చేత్తోనే తెరవాలట. లోహిత టోపీ అందిస్తే, స్వామి గంధాన్ని కప్పెయ్యమంటావా అని కసిరినాడు. ఫొటో బాగా వచ్చేదాకా గొట్టం మీదికి వంగే ఉన్నాడు.

ఫలితం నిండా కెరటిన్. చర్మంలో, వెంట్రుకల్లో ఉండే ప్రోటీను. ఈ పని తెలిసినవాళ్లు మొదట తీసి పారేసేది దాన్నే. సారు మాత్రం, లోహిత ప్రోటీను కెరటిన్‌ను పట్టుకుని ఎండ నుంచి చర్మాన్ని కాపాడుతుందని పేపర్లకు చెప్పేసినాడు. సీమ ఎండకు తిరుపతి జవాబట!

"సార్, అది మీ తల మీంచి రాలిన చర్మం పొడి" అంది లోహిత.

"ఎవరి తలో దాని మీద రాసుండాదా?"

"లేదు సార్. ఎవరూ వంగకుండా ఇంకోసారి చేస్తాను."

"పేపర్లో పడినాక ఇంకోసారేందమ్మా? వ్యాసం మీద సంతకం పెట్టు, ఈ ఏడే డాక్టరేట్ వస్తాది."

ఆమె పెట్టలేదు. తన పేరు తీసెయ్యమని, మళ్లీ కణాలు పెంచడం మొదలుపెట్టింది. సారు ఒక్కడి పేరుతో పోయిన వ్యాసాన్ని పరిశోధన పత్రికవాళ్లు కెరటిన్ పేరు చూసి వెనక్కి పంపినారు. పిల్ల శుభ్రత లేక చెడగొట్టిందని వీధంతా చెప్పుకున్నాడు.

ఆయన రేణిగుంటలో విమానమెక్కిన రోజు చూసుకుని లోహిత రెండో గొట్టం యంత్రానికిచ్చింది. ఈసారి కెరటిన్ నామమాత్రం. అతుకుపని ముగిసినాక కణం రెండుగా విడిపోవడానికి అనుమతిచ్చే ఇంకో ప్రోటీను, ఆమె ప్రోటీను పక్కనే దొరికింది.

సారు తిరిగొచ్చినాక, లోహిత రాసిచ్చిన సిద్ధాంతగ్రంథం తిరగేసినాడు. చదివినాడని చెప్పలేను. మార్గదర్శి అన్నచోట సంతకం మాత్రం పెద్దగా, పక్క గీత దాటేలా పెట్టినాడు.