వలదేవతకు అమ్మ కట్టిన ముడుపు

బకీట్ల నానవెట్టిన బాపు డ్యూటీ డ్రెస్సు, కవరాల్ల నుంచి ఆ వాసన మళ్ల లేచింది. కాలిన ఇనుము, డీజిలు, ఎండిన ఉప్పు, వాటి కింద సన్నగ పసుపు. ఓడలు బాగుచేసే యార్డుల పనిచేసే మనిషి బట్టలకు ఇనుము వాసన రావుడు ఎవలకైనా తెలుస్తది గని, పసుపు ఎందుకొస్తదో చెప్పాలంటే మా అమ్మ గురించి చెప్పాలె, సముద్రంల వల పట్టుకొని కూసునే ఒక తెల్లోల్ల దేవత గురించి చెప్పాలె. రాస్తనే ఉంట, ఎందుకంటే పొద్దటి సంది నాకు ఒక్కకాడ నిలువబుద్ధైతలేదు.

పొద్దుగాల ఫోన్ల రిజల్టు వచ్చింది. నేను డిగ్రీ పాసైన. మా బాపు దిక్కు చూసినా, అమ్మ దిక్కు చూసినా డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. ఈ ముచ్చట ముందుగాల వినాల్సిన మనిషి సముద్రం మీద లాంచిల ఉన్నడు, ఫోను కలుస్తలేదు. అమ్మకు చెప్పిన. అమ్మ కుట్టు మిషను ఆపి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "మీ బాపు రానీ బిడ్డా" అని మళ్ల తొక్కవట్టింది. ఆమె గాబరా వేరే. ఇయ్యాల బాపుకు లాంచి మీద ఆఖరి డ్యూటీ. రేపటి సంది యార్డు పని ఖలాస్. ఇన్నేండ్లు క్షేమంగ వచ్చిన మనిషి ఈ ఒక్కనాడు గూడ వస్తే, అమ్మ ఒక మొక్కు చెల్లించాలె. అందుకే ఇద్దరం కిటికీ దిక్కే చూస్తున్నం.

నేను చిన్నగున్నప్పుడు గూడ మేం ఈ అరబ్బుల దేశంల, ఈ ఉమ్మ్ అల్ హస్సామ్లనే, కింద కోల్డ్ స్టోర్ అనే కిరాణా దుకాణం ఉన్న ఇదే బిల్డింగుల ఉంటుంటిమి. ఎండకాలంల పొద్దు గుంకినంక గూడ నల్లా తిప్పితే ఉడుకునీళ్లే వచ్చేటియి, గోడలు చెమట పట్టేటియి, మెట్ల మీద కింది దుకాణం ఖర్జూరాల వాసన, పక్క గల్లీల తందూరు కాడ ఖుబ్బూస్ రొట్టెలు కాలే వాసన, మా ఇంట్లకెల్లి చింతపండు పులుసుల ఉడికే సాఫీ చేపల వాసన అన్నీ కలిసి ఒక్కటే అయ్యేటియి. మేం జగిత్యాల దిక్కు గంగపుత్రులం. మా తాత చెర్లల్ల వల వేసి బతికిండు. బాపు వెల్డింగు నేర్చుకొని ఇక్కడ సముద్రం ఒడ్డున ఉన్న హిద్ల ఓడల యార్డుకు వచ్చిండు గని, శుక్రవారం మార్కెట్టుకు పోతే చేప చెంప ఎత్తి చూడకుండ ఎవలనూ కొననియ్యకపోతుండె. బతుకమ్మ పండుగకు అమ్మ సజ్జరొట్టెలు బెల్లం కలిపి మలీద ముద్దలు చేసేది, గంగమ్మ పేరు మీద ఒక ముద్ద పక్కకు తీసి పెట్టేది, దాన్ని మరునాడు బాపు సముద్రంల ఇడిసి వచ్చేటోడు. "చెరువైనా సముద్రమైనా ఒక్క తల్లే" అనేటోడు.

అసోంటి బాపుకు యార్డుల ఐనార్ సాబ్ దోస్తైండు. ఓడలకు వేసిన రంగు సరిగ పట్టిందా లేదా అని తట్టి చూసే పని ఆయనది, ఊరు ఐస్‌లాండ్, తెల్ల గడ్డం. పగటి అన్నం కాడ ఓడ నీడల కూసొని, సగం ఇంగ్లీషు, సగం యార్డు హిందీ కలిపి వాళ్ల దేశపు పాత దేవుళ్ల కథలు చెప్తుండెనట. బాపు ఇంటికి వచ్చి బూట్లు ఇప్పుతనే అవి మాకు చెప్పేటోడు. పెద్ద దేవుళ్లు బాపుకు నచ్చకపోతుండిరి. సుత్తె పట్టుకున్నాయన కథ మొదలుపెడ్తే, "గాయన మా ఫోర్మన్ తీరుగ, ఊకె కొడ్తడు" అని ఇడిసిపెట్టేటోడు. ఎవలూ పట్టించుకోని చిన్న దేవతలంటేనే ఇష్టం. పోశమ్మ, మైసమ్మ, బొడ్రాయి నడుమ పెరిగిన మనిషికి వాళ్లే దగ్గరోళ్లు.

గెఫ్యోన్ అనే ఆమె ఉండెనట. నువ్వు దున్నినంత నేల నీదే అని రాజు అంటే, కొడుకులను ఎడ్లను చేసి నాగలి కట్టి, దున్నిన నేలను గుంజుకపోయి సముద్రంల పెట్టి దీవి చేసిందట. అప్పట్ల హిద్ దిక్కు సముద్రంల ఇసుక పోసి నేల చేస్తుంటే, బస్సుల పోతున్నప్పుడు బాపు ఆ మిషన్లను చూపెట్టి, "అగో, గెఫ్యోనమ్మ ఎడ్లు" అనేటోడు. ఇంకొకామె స్కాదీ, గుట్టల దేవత. సముద్రపాయనను లగ్గం చేసుకున్నదట. ఆమెకు సముద్రపు పిట్టల లొల్లికి నిద్ర పట్టకపాయె, ఆయనకు గుట్టల తోడేళ్ల కూతకు నిద్ర పట్టకపాయె, ఎవల తొవ్వ వాళ్లు పట్టిండ్రట. ఈ కథ అయినంక అమ్మ బట్ట కత్తిరించుకుంటనే, "ఆమె తప్పేం లేదు. నాకు ఈ ఏసీ మోతకే నిద్ర పడ్తలేదు" అన్నది.

"అయితే నువ్వు గూడ గుట్టకు పోతవా?" అన్నడు బాపు.

"పోత. నీకు అన్నం ఆ పిట్టలే వండిపెడ్తయి."

ఇగ రాన్. సముద్రంల ఉండే దేవత, అలలన్నీ ఆమె బిడ్డలే. చేతిల వల ఉంటది, మునిగిన మనుషులను ఆ వలతోటే పట్టుకొని తన ఇంటికి తీస్కపోతది. వల అనంగనే బాపు లేచి నిలబడి, మా తాత ఎట్ల ఇసిరేటోడో అట్ల చేతులు తిప్పి చూపెట్టేటోడు, మా చిన్న గదిల ఆ లేని వల కింద నేను తల దాచుకునేదాన్ని. సాయంత్రాలు డాబా మీద మా ఆట గూడ అదే. అమ్మ ఇచ్చిన పాత లైనింగు బట్ట వల, నేను రాన్, బిల్డింగుల పిల్లలంత ఓడోళ్లు, మలయాళపోల్ల పిల్లలు, సింధోల్ల పిల్లలు గూడ "రాన్ ఆగయీ" అని ఉరికేటోల్లు.

ఆ దేవతకు బంగారమంటే ఇష్టమని గూడ బాపే చెప్పిండు. పాతకాలం ఓడోళ్లు తుఫాను వస్తే, ఒంటి మీద ఇంత బంగారం ఉండేటట్టు చూసుకునేటోల్లట, ఉత్త చేతులతోటి ఆమె ఇంటికి పోవద్దని. అమ్మ మిషను మీదికెల్లి తల ఎత్తకుండనే, "తెల్లోల్ల దేవతల ముచ్చట్లు పిల్లకెందుకు, భయపడ్తది" అన్నది. అమ్మ ఆ బంగారం మాట మనసుల పెట్టుకున్నదని అప్పుడు మాకెవలకూ తెల్వదు.

కొన్నాళ్లకు బాపును యార్డుల నుంచి తీసి లాంచి మీద వేసిండ్రు. దూరంల లంగరు వేసి ఉన్న ఓడల కాడికి పోయి అక్కడనే వెల్డింగు చేసి రావాలె. జీతం జర ఎక్కువ, ఓవర్‌టైం గూడ ఉంటది. అమ్మ వద్దనలే. తన తీరున తాను ఒక పని చేసింది.

ఆనాడు పొద్దుగాల మంచిగనే ఉండె. పగటి జాముకు శమాల్ గాలి లేచింది, ఆకాశం మక్కపిండి రంగుకు వచ్చింది, డాబా మీద ఆరేసిన బట్టలు ఎగిరిపోయినయి, కిటికీల సందులకెల్లి ఇసుక వచ్చి మిషను మీద పడ్డది. బాపు ఫోను కలుస్తలేదు. బస్సు వచ్చే యాళ్లకు బస్సు వచ్చింది గని, దాంట్లకెల్లి దిగినోళ్లు "లాంచీలు ఇంకా రాలే భాభీ" అని తల వంచుకొని పోయిండ్రు. కింది ఇంట్ల ఉండే కాకినాడ మేరీ ఆంటీ పైకి వచ్చి, "ఏమీ అవదు వదినా, నేను ప్రార్థన చేస్తున్నా కదా" అని అమ్మ పక్కన కూసున్నది. అమ్మ మాత్రం ఆగకుండ కుడుతనే ఉన్నది. నేను కిటికీ కాడికి పోవుడు, తలుపు కాడికి పోవుడు, మళ్ల కిటికీ కాడికి. చివరికి అమ్మనే అన్నది:

"ఊకె తిరుగకు. మీ బాపుకేం గాదు. నేను ముడుపు కట్టిన."

"ఎవలకు?"

"ఆ వల పట్టుకున్నామెకు. నా పుస్తెలతాటి బంగారు గుండు ఒకటి తీసి, పసుపు గుడ్డల కట్టి, కవరాల్ కాలరు మడతల కుట్టిన. ఆమెకు బంగారం ఇష్టమన్నడు గద."

మా దిక్కు ముడుపు అంటే ఏందో నాకు తెలుసు. పసుపు గుడ్డల కట్టి, నా మనిషిని కాపాడు తల్లీ, పని అయినంక ఇది నీకు ఇస్త అని మాట పెట్టుకునుడు. గని రాన్ కథ అట్ల కాదు. ఆ బంగారం బతికి వచ్చెతందుకు కాదు, మునిగినంక ఆమె ఇంట్ల మంచి పీట దొరికెతందుకు. కథ మంచిగ విన్నది నేను. అమ్మ సగమే విన్నది.

"అమ్మా," అన్న, "బంగారం ఉన్నోళ్లను ఆమె ఇంట్లకు పిలుస్తది."

మిషను ఆగింది. అమ్మ మొకం నేను ఇప్పటికీ మర్చిపోలే. తన భర్తకు తానే తొవ్వ ఖర్చు ఇచ్చి పంపినట్టైంది ఆమెకు. లేచి, చెప్పులు గూడ లేకుండ డాబా మీదికి పోయింది, వెనుక నేను, నా వెనుక మేరీ ఆంటీ. సముద్రం మా డాబాకు కనపడది. అయినా అమ్మ హిద్ దిక్కు తిరిగి, ఊర్ల పోశమ్మ ముంగట మాట్లాడినట్టే గట్టిగ మాట్లాడింది.

"ఇగో ఇను. నేను ఇచ్చింది ఆయనను ఉంచుకోమని కాదు, ఇడువుమని. మీ దేశం పద్ధతి నాకు తెల్వది. నాది మా ఊరి పద్ధతి. మనిషిని పంపితేనే గుండు నీకు, లేకుంటే లేదు. నీకు గంతమంది ఆడబిడ్డలున్నరు, నాకు ఒక్కతే, దానికి బాపు కావాలె. సోయి పెట్టుకో."

గాలికి మాటలు సగం ఇంట్లకే వచ్చినయి. మేరీ ఆంటీ అమ్మ కొంగు ఎగరకుండ పట్టుకొని నిలబడ్డది.

పొద్దు గుంకి మగ్రిబ్ అజాన్ అయితుంటే మెట్ల మీద బూట్ల చప్పుడైంది. బాపు వచ్చిండు. కనుబొమ్మల మీద ఉప్పు తెల్లగ ఎండింది. లాంచి పెద్ద ఓడ చాటుకు పోయి గాలి తగ్గేదాకా అక్కడనే ఆగిందట. "ఆకలైతుంది" అన్నడు. అమ్మ అన్నం పెట్టలే, ముందు కాలరు తడిమి చూసింది. సంగతి అంత వినంగనే బాపు నవ్విండు, నవ్వి నవ్వి గోడకు ఒరిగిండు. అమ్మ కత్తెర తెస్తే చెయ్యి అడ్డం పెట్టిండు.

"ఉండనీ. నీ మాట విన్నది గద ఆమె. ఆఖరి డ్యూటీ నాడు చెల్లిద్దాం."

అప్పటి సంది కవరాల్ మారినప్పుడల్లా అమ్మ కుట్లు ఇప్పి ఆ ముడుపును ఇంకో దాంట్లకు మార్చేది, గుడ్డ తెల్లవడితే మళ్ల పసుపు అద్దేది. ఐనార్ సాబ్ పని ఇడిసి దేశం పోయిండు. నేను పెద్దగై సఖీర్ల యూనివర్సిటీకి బస్సుల పోవుడు మొదలుపెట్టిన, ఇంగ్లీషు సాహిత్యం తీసుకున్న, ఆఖరి ఏడు ప్రాజెక్టుకు ఏం రాస్తవు అంటే ఈ చిన్న దేవతలే అన్న.

చదివితే తెలిసింది, బాపు చెప్పిన దాంట్ల సగం ఐనార్ సాబ్‌ది, సగం జగిత్యాలది. వాళ్ల పెద్ద దేవుళ్లు ఇంగ్లీషు వారాల పేర్లల్ల బతికిండ్రు, సినిమాలల్ల, ఆటలల్ల బతికిండ్రు. ఉల్ అనే వేటదేవుని పేరు నార్వే, స్వీడన్ ఊర్ల పేర్లల్ల మిగిలింది. ఇంటి తలుపు కాడ కావలుండే సిన్ అనే ఆమెకు పేరు, పని తప్ప ఒక్క కథ గూడ మిగలలే. రాన్‌కు కథలున్నయి, పాటలున్నయి, గని గుడి ఉన్నట్టు ఆనవాలు ఎక్కడా లేదు. ప్రాజెక్టు మీద ప్రశ్నలడిగే నాడు మేడం అడిగింది, ఈ దేవతకు ఎవరన్న మొక్కినట్టు ఆధారం ఉందా అని. "పుస్తకాలల్ల లేదు మేడం, మా ఇంట్ల ఉంది" అన్న. ఆమె కుర్చీ ముందుకు జరుపుకున్నది. మా అమ్మ డాబా మీద మాట్లాడిన ముచ్చట అంత చెప్పిన. ఇయ్యాల పాసైన అంటే దాంట్ల ఆ గుండుకు గూడ పాలు ఉన్నది.

ఇక్కడికి రాసేసరికి కింద బస్సు ఆగింది. పెన్ను ఇడిసి ఉరికిన.

మిగిలింది తెల్లారి రాస్తున్న. మెట్ల నడుమనే చెప్పిన, బాపూ నేను పాసైన అని. బాపు హెల్మెట్టు నా నెత్తికి పెట్టి, అక్కడనే మెట్టు మీద కూలవడి, చెప్పు మళ్ల చెప్పు అన్నడు. నాలుగైదు మార్లు చెప్పిచ్చుకున్నడు. అమ్మ వచ్చి, నన్ను దాటి, బాపు కాలరు మీద చెయ్యి వేసింది. "నడువుండ్రి, పొద్దుండంగనే పోదాం."

టాక్సీల హిద్ పోయినం. నేను చిన్నగున్నప్పుడు కూసున్న రాళ్లు లేవు, నీళ్లల్ల కర్రలు పాతిన చేపల దడులు లేవు, సముద్రం ఉన్నకాడ ఇసుక, ఇసుక మీద కంచె. "నీళ్లేవి?" అని అమ్మ అడుగుతనే ఉన్నది. బాపు నవ్విండు, "గెఫ్యోనమ్మ అంత దున్నింది." దూరంగ చిన్న పడవలు కట్టేసే కాడ ఇన్ని నీళ్లు దొరికినయి. అమ్మ సంచిలకెల్లి కవరాల్ తీసి, కత్తెరతోటి కాలరు కుట్లు ఇప్పింది. గుండు అరిగి మెరుస్తున్నది. "నా మనిషిని నాకిచ్చినవ్. నీది నీకు" అని మెల్లగ, ఈసారి పక్కింటామెతోటి మాట్లాడినట్టు, చెప్పి నీళ్లల్ల ఇడిసింది.

మళ్ల టాక్సీ ఎక్కినం. కవరాల్ ఇంట్లనే ఇప్పేసి మామూలు అంగి వేసుకున్న బాపు చెయ్యి ఊకె కాలరు మీదికి పోతున్నది, మడత కింద ఏలు పెట్టి వెతుకుతున్నది, ఏమీ దొరకక కిందికి వస్తున్నది, మళ్ల పోతున్నది.