రెండు బాక్సులు, రెండు శ్రుతులు

మా మేనత్త భర్తను ఊళ్లోని అవతలి పార్టీ వాళ్లు జమ్మలమడుగు దారిలో నరికేసి ఏడాదైంది. అప్పటి నుంచి ఆమె చర్చిలో నోరు తెరవలేదు. ఆయన జ్ఞాపకార్థ ఆరాధనలో మాత్రం ఆయనకిష్టమైన పాట పాడతానంది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు రెండు మెట్లు కిందికి దిగిపోయింది. నాకేమో గిటారు మీద ఆ పాట ఒక్క శ్రుతిలోనే వచ్చు. ఇంకో శ్రుతిలో నేర్చుకోవచ్చు కదా అంటారు. బద్ధకం, ఇంకేముంది! ప్రొద్దుటూరులో ఒక ఆర్కెస్ట్రా అతని దగ్గర శ్రుతి మార్చే పెడల్ కొన్నాను. నేను ఎప్పటిలాగే మీటినా, శబ్దం అందులోంచి రెండు మెట్లు తగ్గి బయటికొస్తుంది. ఇంట్లో బంగారంలా పనిచేసింది.

ఆ ఆదివారం ఆరాధనకు గంట ముందు చర్చిలో మీటితే నా చెవులే నన్ను తిట్టాయి. పైశ్రుతీ కిందిశ్రుతీ రెండూ ఒకేసారి మోగుతున్నాయి. అత్త పల్లవి ఎత్తుకుని ఆపేసింది. మళ్లీ ఎత్తుకుని మళ్లీ ఆపేసింది. నా గొంతే చెడిపోయింది, వద్దులే అని కూర్చుంది. తప్పు ఆమెది కాదంటే నమ్మదే! బ్యాటరీ మార్చాను. వైరు మార్చాను. తీగలు మూడుసార్లు సరిచేశాను. పెడల్ మీదున్న మీటలన్నీ తిప్పాను. అదే రోత. సౌండు బాక్సులు తెచ్చిన మైకుసెట్టు అన్న, ఈడ కరెంటే అంతప్పా అని ఒక సలహా పారేశాడు. ఒళ్లు మండిపోయింది. ఆ పెడల్‌ని పెన్నలో విసిరేద్దామనిపించింది.

ఆ కోపంలోనే మీటుకుంటూ కుడివైపు బాక్సు దాకా నడిచాను. చక్కగా కిందిశ్రుతి. ఎడమవైపు బాక్సు దగ్గరికి వెళ్తే అచ్చంగా పైశ్రుతి. అప్పుడు వంగి పెడల్ వెనక చూశాను. రెండు రంధ్రాలు. ఒకదాన్లోంచి మార్చిన శబ్దం, రెండోదాన్లోంచి మార్చని శబ్దం వస్తాయి. మైకుసెట్టు అన్న ఒక్కోదానికి ఒక్కో బాక్సు తగిలించాడు.

పాపం, అతన్ని అనీ లాభం లేదు. మా ఊరంతటికీ ఒకటే చర్చి, అందులో దేవుడి ముందు కూడా రెండు పార్టీలే. ఎడమవైపు మా మామ మనుషులు, కుడివైపు అవతలి వాళ్లు. ఒకవైపే బాక్సు పెడితే పెళ్లిలోనైనా రాళ్లు లేస్తాయి. అందుకే అతను ఎక్కడికెళ్లినా రెండు పెడతాడు, అదీ ఒకే ఎత్తులో. పెడల్‌కి రెండు రంధ్రాలు కనిపించేసరికి, ఇదీ రెండు పార్టీల కోసమే చేశారనుకున్నాడు మహానుభావుడు.

ఒక రంధ్రం నుంచి రెండు బాక్సులకూ ఇచ్చే జాయింటు కావాలంటే ప్రొద్దుటూరు పోవాలి. జనం అప్పటికే వచ్చి కూర్చున్నారు. ఒక బాక్సు పీకక తప్పదు. వైర్లు అటూ ఇటూ మార్చి వాళ్లది పీకితే రాళ్లు లేస్తాయి, కాబట్టి పీకాల్సింది పైశ్రుతి మోగే మావైపుదే. ఆ మాట అన్నానో లేదో మా చిన్నాన్న లేచాడు. చచ్చింది మన మనిషైతే మన బాక్సు మూసుకుని వాళ్లది మోగాలా అన్నాడు. అతని వెనక నలుగురు లేచారు. అవతలివైపూ కదిలారు. మెళ్లో గిటారు వేసుకుని మధ్యలో వెర్రివాడిలా నిలబడ్డాను. ఏడుపొచ్చింది.

అత్త లేచి నా పక్కకు వచ్చింది. చిన్నాన్న వైపు చూడనే లేదు.

"మనదే పీకెయ్ అబ్బీ," అంది. "ఈ పాట ఇనాల్సింది వాళ్లు."

పీకాను. ఆమె కుడివైపుకు తిరిగి నిలబడింది. మొదటి చరణం నుంచి చివరిదాకా, ఎక్కడా ఆగకుండా పాడింది. అంతసేపూ అటువైపు ఒక్కడూ తలెత్తలేదు.