చెయ్యి జారలేదు

ఎవరికీ చెప్పుకోలేని బరువు ఒకటి ఏళ్ల తరబడి మోశాను. మీకు నేనెవరో తెలియదు. అందుకే మీతో దాపరికం లేకుండా మాట్లాడగలను.

మాది ఒడిశాలో బరంపురం దగ్గరి దిగపహండి. కూర్మారావు, నేను ఒకే వీధిలో పెరిగాం. ఇద్దరం క్రికెట్ పిచ్చివాళ్లమే. బరంపురంలో కాలేజీ జట్టులోకి అతన్ని తీసుకున్నారు. నన్ను తీసుకోలేదు. ఆ వారమే మాలో మేం ఆడుకుంటుంటే, అతను పరుగు తీస్తుండగా బంతి నా చేతికొచ్చింది. వికెట్లకేసి విసరాలి. అతని తలకేసి విసిరాను.

కార్కు బంతి. ఎడమ చెవి మీద తగిలింది. అందరూ నా మీదికి వస్తుంటే, రక్తం కారుతున్న చెవిని అదిమి పట్టుకుని అతనే ఆపాడు.

"ఆడ్నేటీ అనకండి. కావాలని ఎందుకేస్తాడు? సెయ్యి జారిపోనాది."

"అవున్రా, జారిపోనాది," అన్నాను.

ఆ చెవికి మళ్లీ వినబడలేదు. రాతపరీక్ష నెగ్గిన రైల్వే ఉద్యోగం వైద్యపరీక్షలో పోయింది. బరంపురంలో టిఫిన్ దుకాణం పెట్టుకున్నాడు. అక్కడికి టీకి వచ్చే ఒక ప్రొఫెసరుగారిని బతిమాలి ల్యాబ్‌లో నాకు పని ఇప్పించింది కూడా అతనే. నా పిల్లలు తిన్న ప్రతి ముద్దా అతని చలవే. అలాంటి మనిషి దొరికినందుకు ఎన్నిసార్లు దేవుడికి దండం పెట్టుకున్నానో. పెట్టుకున్న ప్రతిసారీ సిగ్గుతో చచ్చాను.

ల్యాబ్‌లో నా పని, పరీక్షకు వచ్చినవాళ్ల చేతికి కండరాల కదలికను పసిగట్టే తీగల బిళ్లలు అంటించడం. దీపం వెలగగానే వాళ్లు ఎదురుగా ఉన్న చుక్కను ఠక్కున తాకాలి. చేతిని ముందుకు తోసే కండరం మొదట మేలుకుంటుంది. వెంటనే ఆపే కండరం బిగుస్తుంది. మళ్లీ మొదటిది అందుకుని చేతిని చుక్క మీద నిలుపుతుంది. అన్నీ తెర మీద గీతలుగా కనిపిస్తాయి. అంత వేగంలో దారి మధ్య ఆలోచించుకునే తీరిక ఉండదనీ, చెయ్యి కదలకముందే గురి చాలామటుకు ఖాయమైపోతుందనీ ప్రొఫెసరుగారు ఒకసారి విద్యార్థులకు చెబుతుంటే విన్నాను.

అంతవరకూ నాకు నేను ఏం చెప్పుకున్నాను? కోపంలో చెయ్యి తనంతట తానే అటు పోయిందని. ఆ గీతలు నా నేరాన్ని రుజువు చేయవు, నిజమే. కానీ నాకు తెలియదా? వికెట్లు చూశాను. అతని తల చూశాను. ఎంచుకున్నాను. చెయ్యి నేను చెప్పిందే చేసింది.

నిన్న మధ్యాహ్నం దుకాణంలో జనం పలచబడ్డాక, పొయ్యి దగ్గర అతని కుడిపక్కన నిలబడి అంతా చెప్పేశాను. పెనం మీద దోసె మాడిపోతున్నా అతను తీయలేదు. నావైపు చూడకుండానే, "ఈయేల ఎల్లు," అన్నాడు.

వచ్చేశాను. మళ్లీ రమ్మంటాడో లేదో తెలియదు. క్షమించమని అడగలేదు, అడగను. మధ్యలో ఆపకుండా చివరిదాకా విన్నాడు, నా యోగ్యతకు అదే ఎక్కువ. ఇన్నాళ్లూ అతని మంచితనమంతా నేనే తిన్నాను. నా మీద కోపం తెచ్చుకునే హక్కు మాత్రం అతనికి నిన్ననే ఇచ్చాను.