పడవవాడు పోయిన శనివారం

ఆ నవలల పేరు చెప్పను. ముగింపు బయటపెట్టి ఒకసారి అనుభవించాను, చాలు. ఇంగ్లీషులో వచ్చిన లావుపాటి పుస్తకాలు. మాట్లాడే నదులు, శాపాలు, సింహాసనం కోసం కొట్టుకునే అన్నదమ్ములు. మొదటిది విజయవాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో పట్టుకున్నాను. ఆఖరిది వచ్చేసరికి కువైట్‌లో ఉద్యోగం, బ్నీద్ అల్ గార్‌లో ఫ్లాటు, పొట్ట, కళ్ళజోడు అన్నీ అమిరాయి. రచయిత ఆఖరి పుస్తకం నాన్చిన కాలంలో నా జుట్టు సగం ఊడింది. ఆయన మీద నాకున్న ఫిర్యాదుల్లో అదొకటి.

ఈ పిచ్చి ఉన్నవాళ్ళం ఇక్కడ ముగ్గురం. నేను, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే హైదరాబాద్ మిత్రుడు, గుంటూరు నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ. శుక్రవారం సాయంత్రాలు మా ఇంట్లో చేరి, మా ఆవిడ చేసిన పకోడీలు తింటూ, లేని రాజ్యాల గురించి గొంతులు చించుకునేవాళ్ళం. వాళ్ళిద్దరూ అభిమానులు. నేను పండితుణ్ణి. ఇది నా అభిప్రాయం మాత్రమే, ఇంకెవరూ ఒప్పుకున్న దాఖలా లేదు.

నా పాండిత్యమంతా ఒక సిద్ధాంతం మీద నిలబడి ఉండేది. ఆ కథలో ఒక ముసలి పడవవాడు ఉంటాడు. ప్రతి పుస్తకంలోనూ కథానాయకుల్ని నది దాటిస్తాడు, రెండు ముక్కలు మాట్లాడతాడు, వెళ్ళిపోతాడు. ఎందుకో అందరికీ ప్రాణం వాడంటే. వాడు మామూలు పడవవాడు కాదనీ, చిన్నప్పుడు తప్పిపోయిన అసలు రాజనీ నా వాదన. రుజువు ఏమిటంటే వాడు చేపలు తినడు. రాజవంశం వాళ్ళు చేపలు ముట్టరని రెండో పుస్తకంలో ఒకచోట ఉంది. ఈ సంగతి నేను చెప్పని మనిషి లేడు. మా ఆవిడ పురిటినొప్పులు పడుతుంటే ఆసుపత్రి వరండాలో మా బావమరిదికి చెప్పాను. అతను పాపం లేచి వెళ్ళే పరిస్థితిలో లేడు.

ఆఖరి పుస్తకం గురువారం చేతికొచ్చింది. ముగ్గురం మూడు ప్రతులు తెప్పించుకున్నాం. శుక్రవారమంతా తలుపు వేసుకుని చదివాను. శనివారం మధ్యాహ్నం, పడవవాడి కిరీటం కోసం ఆత్రంగా పేజీలు తిప్పుతుంటే, వాడు చచ్చిపోయాడు. యుద్ధంలో కూడా కాదు. చలిజ్వరం వచ్చి, ఒడ్డున ఒక్కడే, అర పేజీలో. రాజూ కాదు, మంత్రీ కాదు. చేపలు ఎందుకు తినడో కూడా అక్కడే ఉంది. పడవే ఇల్లు గనక వాసన పడదట.

నేను ఏడ్చాను. సిగ్గులేకుండా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. మా ఆవిడ కంగారుగా వచ్చి, ఒళ్ళో పుస్తకం చూసి, "ఓస్, అదా!" అని వెనక్కి వెళ్ళిపోయింది. ఆ కన్నీళ్ళలో పడవవాడికి దక్కింది పావు వంతే, మిగతాదంతా నా సిద్ధాంతం కోసమే అని అప్పుడు నాకు తట్టలేదు. దుఃఖం పొంగి ఫోన్ తీసి స్టేటస్ పెట్టాను: "ఇన్నేళ్ళు తోడున్నవాడు ఈ మధ్యాహ్నం వెళ్ళిపోయాడు. జ్వరమట. దగ్గర ఎవరూ లేరట." పక్కన ఆరిపోయిన దీపం బొమ్మ కూడా పెట్టాను. బొమ్మ వెతకడానికి చాలాసేపు పట్టింది.

సాయంత్రానికి మిత్రులిద్దరూ వచ్చారు. డాక్టరమ్మ కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. హైదరాబాద్ మిత్రుడు పుస్తకాన్ని సోఫాలోకి విసిరేశాడు.

"గిదేం ముగింపు భయ్! ఏడు పుస్తకాలు సదివిపిచ్చి జెరమొచ్చి సచ్చిండంటడా?"

"చచ్చిపోలేదు," అంది డాక్టరమ్మ. "నాడి చూసినట్టు ఎక్కడా రాయలేదు. నాడి చూడకుండా నేనైతే ఎవర్నీ చనిపోయారని అనను."

"మేడమ్, ఆయనను నదిల కలిపిండ్రు."

"తొందరపడ్డారు."

అప్పుడు నా ఫోన్ మోగింది. కడప జిల్లా పెద్దాయన. జహ్రాలో ట్రావెల్స్ ఆఫీసు ఉంది. కువైట్‌లో మన తెలుగువాళ్ళు ఎవరు పోయినా ముందు కబురు వెళ్ళేది ఆయనకే. వీసా ఇచ్చిన యజమానితో, అంటే కఫీల్‌తో మాట్లాడడం, కాగితాలు చేయించడం, శవాన్ని ఊరికి చేర్చడం అన్నీ సొంత పనిలా చేస్తాడు. ఉగాది సభల్లో నమస్కారాలు తప్ప మా ఇద్దరి మధ్య పెద్ద పరిచయం లేదు.

"ఇప్పుడే చూసినా సార్. శానా బాధయింది," అన్నాడు.

నా గుండె కరిగిపోయింది. ఇంత పని ఒత్తిడిలో ఉన్న మనిషి మా పుస్తకాలు చదువుతాడని కలలో కూడా అనుకోలేదు. "మీకు కూడా ఆయన తెలుసా అండీ?" అన్నాను.

"తెలీకపోయినా మనోడే గదా సార్. యాడుండాడు ఇప్పుడు?"

"నదిలో కలిపేశారండీ," అన్నాను గద్గదంగా.



"నదా? కువైట్‌లో నది యాడుండాది సార్?" అని, మళ్ళీ మెత్తగా, "మీరు దుఃఖంలో ఉండారు. ఏం మాట్లాడొద్దు. నేను వస్తాండా," అని పెట్టేశాడు.

ఫోన్ చూసుకుంటే అప్పటికే స్టేటస్ కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు, ఓం శాంతులు. ఏదో తేడా కొట్టింది. ఆయనకు తిరిగి చేస్తే బిజీ. మళ్ళీ చేస్తే బిజీ. ఆయన నా తరపున ఊరందరికీ చెబుతున్నాడని తరవాత తెలిసింది.

గంటలో బెల్లు మోగింది. తలుపు తీసేసరికి ఎదురుగా ఆయన, వెనక మంచినీళ్ళ బాటిళ్ళ అట్టపెట్టెలు, పేపర్ కప్పులు. పరామర్శకు జనం వస్తారు కదా, ఇంట్లోవాళ్ళు ఇబ్బంది పడకూడదని తెచ్చాడు. లోపల డాక్టరమ్మ కన్నీళ్ళు, హైదరాబాద్ మిత్రుడి వాలిన తల చూసి ఆయనకు మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది. నన్ను గట్టిగా వాటేసుకున్నాడు.

"దైర్నంగా ఉండాల సార్. ఆయప్ప ఇఖామా కార్డు కాపీ ఉండాదా? కఫీల్‌కు చెప్పినారా?"

నేను నోరు తెరిచాను. ఇరవై ఏళ్ళుగా పడవవాడి గురించి నోరు మూయని వాణ్ణి, అప్పుడు ఒక్క ముక్క మాట్లాడలేకపోయాను. చివరికి వంటింట్లోంచి మా ఆవిడే చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"అన్నయ్యగారూ, కూర్చోండి. పోయినాయన కథలో మనిషండీ."

"కథలోనా? అంటే..."

"పుట్టనేలేదు. పోవడం మాత్రం పోయాడు."

ఆయన నన్ను చూశాడు. సోఫాలో పడి ఉన్న మూడు లావుపాటి పుస్తకాల్ని చూశాడు. ఒక పెట్టె చించి, బాటిల్ తీసి, గడగడా తాగాడు.

"సార్," అన్నాడు ఊపిరి తీసుకుని, "ముందు ఆ స్టేటస్ తీసేయండి."

తీసేశాను. ఆయన ఒక్కొక్కరికే ఫోన్ చేసి, "లేదు లేదు, ఎవురూ పోలేదు, పొరపాటు," అని చెప్పడం మొదలుపెట్టాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ప్రతి ఫోన్‌లోనూ అవతలివాళ్ళు కారణం అడుగుతున్నట్టున్నారు. ప్రతిసారీ ఆయన నా వంక చూసి, "సార్‌కు ఒంట్లో బాగలేదు," అన్నాడు. అంతకంటే మర్యాదగా ఎవరూ చెప్పలేరు.

టీ తాగుతూ, "అయినా ఎట్ల పోయినాడు?" అని అడిగాడు. మర్యాద కోసం అడిగాడేమో అనుకుని నేను క్లుప్తంగా చెప్పాను. ఆయన మాత్రం కప్పు కింద పెట్టేశాడు.

"జరమొస్తే పలకరించేదానికి ఒక్క మనిషి లేడా? అంతమందిని నది దాటించినాడంటిరి?"

"లేడండీ."

"అన్ని పుస్తకాలు రాసినాయనకు ఒక మాత్ర ఇచ్చే మనిషిని పెట్టేదానికి చేత గాలేదా సార్? ఇదేం రాత?"

"అదే అంటున్న అన్నా నేను!" హైదరాబాద్ మిత్రుడు లేచి నిలబడ్డాడు. డాక్టరమ్మ చలిజ్వరానికి ఏ మందు ఇస్తే బతికేవాడో వివరించింది. ఆ పెద్దాయన మళ్ళీ రెండు కప్పుల టీ తాగి, రచయితను మా ముగ్గురికంటే ఎక్కువగా తిట్టి, నీళ్ళ పెట్టెలు మాకే వదిలేసి వెళ్ళాడు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఆదివారం పొద్దున సిటీలోని ఆఫీసుకు వెళ్ళేసరికి మా మేనేజరు నా బల్ల దగ్గర నిలబడి ఉంది. కువైటీ ఆవిడ. చాలా నెమ్మదస్తురాలు, అనవసరంగా ఒక్క మాట మాట్లాడదు. స్టేటస్ తియ్యకముందే చూసి, ఎవరిచేతో చదివించుకుందట.

"మీ ఇంట్లో ఎవరో పోయారట. యల్లా, ఇంటికి వెళ్ళు. సెలవు సంగతి నేను చూసుకుంటాను," అంది ఇంగ్లీషులో.

శనివారం నేర్చుకున్న గుణపాఠంతో ఈసారి వెంటనే నిజం చెప్పేశాను. అంతా పొరపాటనీ, చనిపోయింది ఒక నవలలో పాత్ర అనీ, ఫలానా పుస్తకాల్లో ముసలి పడవవాడనీ.

ఆవిడ ముఖంలో రంగు మారింది.

"పడవవాడా?"

"అవును మేడమ్."

"చచ్చిపోయాడా?"

అప్పుడు నాకు అర్థమైంది.

"నేను అయిదో పుస్తకంలో ఉన్నాను," అంది ఆవిడ చాలా మెల్లగా. "హరామ్ అలైక్!" అని, అంటే ఎంత అన్యాయం చేశావని, గిర్రున తిరిగి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు వేసి ఉండగా చూడడం అదే మొదలు.

ఆ తరవాత కొన్ని వారాలు ఆవిడ నాతో మాట్లాడలేదు. పనంతా ఈమెయిల్లోనే. ముందు నా పేరు పెట్టి రాసేది, తరవాత పేరు పోయింది, తరవాత వాక్యాలు పోయి ఒక్క మాట మిగిలింది. నేను పంపిన డ్రాయింగ్ మీద "ఖలాస్" అని మాత్రమే వచ్చిన రోజు, ఉద్యోగమే ఖలాసేమోనని ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేదు. "ఇంకా నయం, రచయిత ఇంటికి వెళ్ళి కొట్లాడలేదు మీరు," అంది మా ఆవిడ, మజ్జిగ పోస్తూ.

ఒకరోజు పిలుపు వచ్చింది. వెళ్తే బల్ల మీద ఆఖరి పుస్తకం, ఆవిడ కళ్ళు ఎర్రగా. తలుపు వెయ్యమంది.

"వాడు ఎవరనుకున్నావు నువ్వు?" అని అడిగింది.

రాజు సంగతి, చేపల సంగతి చెప్పాను. ఆవిడ చివరిదాకా విని నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"ఇంత తెలివితక్కువ మాట నేను ఎప్పుడూ వినలేదు. వాడే ఆ నది. మనిషి రూపంలో ఉన్న నది. నేను ఎన్నేళ్ళనుంచి అనుకుంటున్నానో తెలుసా?"

"కానీ మేడమ్, నదికి జ్వరం ఎలా వస్తుంది?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది. నా ఉద్యోగం మళ్ళీ ఊగిసలాడింది. తరవాత ఆవిడ పుస్తకం తెరిచి, ఆ అర పేజీ తీసి, వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టింది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. బయట మీటింగ్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు అద్దంలోంచి చూసి, నాకు గట్టిగా చీవాట్లు పడుతున్నాయనుకున్నారట.

ఆ శుక్రవారం ఆవిడ కువైటీల బిర్యానీ మచ్‌బూస్ ట్రే పట్టుకుని మా ఇంటికి వచ్చింది. నా సిద్ధాంతం గురించి అందరికీ మొదటినుంచీ చెప్పి నవ్వించింది. అందరికంటే ఎక్కువ నవ్వింది మా ఆవిడ. ఇప్పుడు వాళ్ళిద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటారు. దేని గురించి అని అడిగితే ఇద్దరూ చెప్పరు.