ఆపేవారి పేరు

మా ఆఫీసు కిటికీ కింద చెరకురసం బండి ఉంది. దాని చక్రానికి కట్టిన గజ్జెలు మోగితే సగం నిజామాబాద్ నిద్రలేస్తుంది, మిగతా సగానికి పళ్లు పులుస్తాయి. ఈ పొద్దున ఆ మోత మొదలయ్యేసరికి నేనొక ఎరువుల దుకాణం కోసం, రోజూ తనంతట తానే జరిగిపోయే పని ఒకదాన్ని కంప్యూటర్లో అమరుస్తున్నాను. "ఎప్పటివరకు?" అని తెర అడిగింది. రాజేశ్వరన్న గుర్తొచ్చాడు.

బోధన్ దగ్గరి ఒక చక్కెర మిల్లులో ఆయన కంప్యూటర్ గదికి పెద్ద, నేను ఆయన కింద ఉద్యోగిని. ఆయన మీట నొక్కితే స్టేషన్లో రైలింజన్లు ఉలిక్కిపడేవి. కసిరితే చెరకు భయంతోనే రసం కార్చేదని నా అనుమానం. సీజన్ రాగానే రోజూ సాయంత్రం, వంతు వచ్చిన రైతులకు "మిల్లు నడుస్తోంది, రేపు మీ చెరకు కొట్టి తెండి" అని ఫోన్లకు సందేశం దానంతటదే వెళ్లే ఏర్పాటు చేశాం. నేను గర్వంగా చూపిస్తే ఆయన కుర్చీ వెనక్కి వాల్చాడు.

"మొదలువెట్టుడు మంచిగున్నది తమ్మీ. బందువెట్టేటోని పేరేది?"

"మిల్లు బందైతదా అన్నా?"

"మనుషులే బందైతున్నరు. మిల్లొక లెక్కనా."

'ఆపేవారి పేరు' అని ఒక గడి చేర్పించి, అందులో తన పేరే రాసుకున్నాడు.

మిల్లు మూసిననాడు గేటుకు కాగితం అంటించి, ఆయన పాస్‌వర్డ్ లాగేసుకుని, మా ఇద్దరినీ బయట నిలబెట్టారు. "గా మెసేజులు ఆపి పోత సార్, జరంత సేపు" అని ఆయన బతిమాలాడు. "అవన్నీ మేం చూసుకుంటాం" అన్నాడు మేనేజరు. పెద్దవాళ్లు చూసుకుంటామన్న వస్తువును ఇక దేవుడు కూడా చూడడు.

మిల్లు మళ్లీ తెరుస్తారన్న మాట ఊళ్లలో నలుగుతూనే ఉంది. సీజన్ వచ్చింది. సందేశాలు పంపే ఆ యంత్రం ఎక్కడో అద్దె గదిలో నడుస్తూనే ఉంది, మాట తప్పలేదు. సరిచూసుకోవడానికి చేర్చిన నా నంబరుకూ సందేశం వచ్చింది. రైతుల నంబర్లన్నీ తాళం లోపలే ఉన్నాయి, ఫోన్ చేసి వద్దనే వీల్లేదు. మర్నాడు ఇద్దరం వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాం. మధ్యాహ్నానికి కోటగిరి వైపు నుంచి గంగవ్వ అనే రైతు, ట్రాక్టర్ నిండా చెరకుతో, గేటుకు కొట్టడానికి కొబ్బరికాయతో దిగింది.

"మిల్లు నడుస్తున్నదని ఫోన్ల వచ్చింది గద బిడ్డా. తాళం దియ్యరేంది?"

"తెరువలేదవ్వా. గా మెసేజ్ మిషిన్ పంపింది" అన్నాడు రాజేశ్వరన్న.

"మిషిన్‌కు ఎవలు నేర్పిండ్రు?"

"నేనే."

"మరి బందువెట్టుడు నేర్పకపోతివా, సదువుకున్నోడా."

రైలింజన్లను ఉలిక్కిపడేలా చేసిన మనిషి తల వంచుకున్నాడు. పాస్‌వర్డ్ సంగతి ఎందుకు చెప్పలేదని తిరుగుదారిలో అడిగాను.

"గా ముచ్చట జెప్తే కొట్టిన చెరకు మల్ల నిలవడ్తదా?"

ఆ తర్వాత ఆయన ఏ కంప్యూటరూ ముట్టలేదు.

ఈరోజుకీ నేను ఏ పని అమర్చినా 'ఆపేవారి పేరు' అని ఒక గడి అదనంగా పెడతాను. "మన దుకాణం బందైతదా ఏంది" అని ఎరువుల యజమాని నవ్వి, దాన్ని ఖాళీగా వదిలేశాడు. నేను నవ్వలేకపోయాను. గ్లాసు నిండినట్టుంది, కింద గజ్జెలు ఆగాయి. ఆ బండివాడికి ఆపడం ఎవరు నేర్పారో.